పైవంతు బేరం

ఈ టపా బాస్కెట్‌బాల్ గురించి. ఆ మాట చూడగానే సగం మంది పాఠకులు పక్క బ్లాగులోకి తప్పుకుంటారని నాకు తెలుసు. వెళ్ళేముందు ఒక్క మాట: ఇందులో ఎంసెట్ ఉంది, కాలువ కింద ఎకరం మాగాణి ఉంది, మా అన్నయ్య ఉన్నాడు. అంచేత కాస్త ఓపిక పట్టండి.

అమెరికాలోని వృత్తి బాస్కెట్‌బాల్ సంఘమైన ఎన్.బి.ఎ.లో ఏటా జూన్ నెలలో డ్రాఫ్టు అనే తంతు జరుగుతుంది. నిఘంటువు తీస్తే ముసాయిదా అని కనబడుతుంది గానీ, దానికీ దీనికీ చుట్టరికం లేదు. కళాశాలల నుంచీ, విదేశాల నుంచీ కొత్తగా వచ్చే కుర్రాళ్ళని ముప్ఫై జట్లూ వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్టు. మన ఎంసెట్ కౌన్సెలింగుకి ఇది సరిగ్గా తలకిందులు. అక్కడ ముందు ర్యాంకు వచ్చిన విద్యార్థి కళాశాలని ఎంచుకుంటాడు. ఇక్కడ వెనక ర్యాంకు వచ్చిన జట్టు విద్యార్థిని ఎంచుకుంటుంది. అందరికన్నా ఎక్కువ ఓడినవాడికే మొదటి వంతు ఖాయమంటే జట్లన్నీ పోటీలు పడి ఓడతాయి గనక, ప్లేఆఫ్స్‌కి చేరని 14 జట్ల మధ్య లాటరీ తీస్తారు. ఒకప్పుడు అట్టడుగు జట్టుకి మొదటి వంతు దక్కే అవకాశం 25 శాతం ఉండేది. 2019లో దాన్ని తగ్గించి, అట్టడుగు మూడు జట్లకీ తలా 14 శాతం చేశారు.

ఈ వంతులను జట్లు ఒకదానితో ఒకటి మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, రాబోయే ఏళ్ళ వంతులను తాకట్టు కూడా పెట్టవచ్చు. మూడో వంతులో ఉన్న జట్టు, ఒకటో వంతు కోసం తన మూడో వంతుతో పాటు భవిష్యత్తులోని మరో వంతును కూడా ఇచ్చేస్తే దాన్ని ఇక్కడివారు 'ట్రేడింగ్ అప్' అంటారు. నేను నా సౌకర్యం కోసం 'పైవంతు బేరం' అనుకుంటాను. ఇంతకన్నా మంచి తెలుగు మాట ఎవరికైనా తడితే చెప్పండి, పుచ్చుకుంటాను.

ఇంతకీ ప్రశ్న ఏమిటంటే, పాత జట్టును కూలదోసుకుని పునాదుల నుంచి కట్టుకుంటున్న జట్టు పైవంతు బేరానికి దిగవచ్చునా?

ఫిలడెల్ఫియా శివార్లలో కాపురం పెట్టినవాణ్ణి గనక, ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురవలేదు, ఇంట్లోనే ఎదురైంది. మా ఊరి జట్టు సెవెంటీ సిక్సర్స్. 2013లో శామ్ హింకీ అనే ఆయన జట్టు నిర్వహణ చేపట్టి, ఓటములకి వెరవకుండా మంచి వంతులు కూడబెట్టడమే మార్గమని తీర్మానించాడు. మూడేళ్ళు వరసగా ఓడాం. మొదటి యేడు 82 ఆటల్లో 19 గెలుపులు, రెండో యేడు 18, మూడో యేడు అక్షరాలా పది. ఊరి జనం దీనికి 'ప్రాసెస్' అని పేరు పెట్టుకుని ఒక వ్రతంలాగా పాటించారు. మా అబ్బాయికి ఊహ తెలిసి అభిమానించిన మొదటి జట్టు ఇదే. ఓటమి అన్నది సహజస్థితి అనీ, గెలుపే ఉపద్రవమనీ వాడు చాలాకాలం అనుకున్నాడు!

2016లో హింకీ తప్పుకున్నాడు. ఆయన కూడబెట్టిన వంతులు మాత్రం మిగిలాయి. 2017 జూన్‌లో మాకు మూడో వంతు ఉంది. మొదటి వంతు బోస్టన్ చేతిలో ఉంది. బోస్టన్ ఆ యేడు తూర్పు విభాగం ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు. అలాంటి జట్టుకి మొదటి వంతు ఎలా దక్కిందంటే, 2013లో బ్రూక్లిన్ వారు వయసు మళ్ళిన వీరుల కోసం తమ భావి వంతులెన్నో బోస్టన్‌కి ధారపోశారు. విత్తనాల గాదె ఊడ్చి పండక్కి వండుకున్నారన్నమాట. తరవాత బ్రూక్లిన్ పాతాళానికి పడిపోయింది. వాళ్ళు ఓడిన ప్రతి ఆటా బోస్టన్ గాదెలో ఒక గింజ అయింది.

డ్రాఫ్టుకి మూడు రోజుల ముందు బేరం కుదిరింది. మా మూడో వంతుతో పాటు, కొన్ని షరతుల మీద లేకర్స్‌దో శాక్రమెంటోదో అయిన ఒక భావి వంతును కూడా ఇచ్చి ఫిలడెల్ఫియా మొదటి వంతు తీసుకుంది. మార్కెల్ ఫుల్ట్జ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాణ్ణి ఎంచుకుంది. ఊరంతా పండగ. అప్పటికి పదకొండేళ్ళ మా వాడికి నేను ఇరవయ్యో నంబరు చొక్కా కొని తెచ్చాను. మూడో వంతులో బోస్టన్ జేసన్ టేటమ్‌ని తీసుకుంది. ఒకటో వంతు ఉంచుకున్నా బహుశా ఇతణ్ణే తీసుకునేవాళ్ళమని వాళ్ళ అధికారి డానీ ఏంజ్ అంటే, అమ్ముకున్నవాడు అలాగే అంటాడులే అని నవ్వుకున్నాం.

ఆ తరవాతి కథ చాలామందికి తెలిసినదే. ఫుల్ట్జ్ భుజానికి ఏదో అయింది. కళాశాలలో చక్కగా బంతి వేసిన కుర్రాడు, చెయ్యెత్తి మధ్యలో ఆగిపోసాగాడు. మొదటి యేడు ఆడినవి 14 ఆటలు. 2018 నవంబరులో ఒక ఆటలో ఫ్రీ త్రో వేయబోయి, ఎత్తిన బంతిని గాలిలో ఒక్క క్షణం తడబడి, మళ్ళీ సర్దుకుని వదిలాడు. ఆ దృశ్యం దేశమంతా తిరిగింది, దేశమంతా నవ్వింది. అదే డిసెంబరులో వైద్యులు దానికి ఒక పేరు పెట్టారు, థొరాసిక్ ఔట్‌లెట్ సిండ్రోమ్ అని; మెడకీ భుజానికీ మధ్య నరాలు నొక్కుకుపోయే జబ్బు. 2019 ఫిబ్రవరిలో అతణ్ణి ఒర్లాండోకి పంపించేశారు. ఫిలడెల్ఫియా చొక్కాతో అతను ఆడినవి మొత్తం 33 ఆటలు.

ఆ నవంబరులోనే ఒక ఆదివారం మా వాడు ఇంటి ముందు డ్రైవ్‌వేలో స్నేహితులతో ఆడుతూ, ఆ ఇరవయ్యో నంబరు చొక్కా వేసుకునే, ఆ తడబాటును అభినయించి చూపిస్తున్నాడు. పిల్లలు పడీ పడీ నవ్వుతున్నారు. నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అంత కోపం, బయటకి వెళ్ళి కేకలేశాను. వాడు బిత్తరపోయాడు. తప్పేం చేశానని వాడడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి నిద్రపట్టక పడుకున్నప్పుడు తెలిసింది. అలా అభినయించి చూపించడం నేనెక్కడ చూశానో.

మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నకి మూడెకరాల మాగాణి. 1987లో అన్నయ్యకి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది గానీ, సీటు తెచ్చే ర్యాంకు రాలేదు. అన్నయ్య మొగ్గు లెక్కల వైపు; బి.ఎస్సీ.లో చేరి మాస్టారవుతానన్నాడు. ఇవాళ తలుచుకుంటే అది వాడి స్వభావానికి అతికినట్టు సరిపోయే బతుకు. కానీ ఆ రోజుల్లో మా వైపు ఇంజనీరు సీటంటే సీటు కాదు, సింహాసనం. కర్ణాటకలో డొనేషను కడితే సీటు ఇస్తారని ఎవరో చెప్పారు. మా వైపు నుంచి రైళ్ళకి రైళ్ళు అక్కడికి వెళుతుండేవి. నాన్న కాలువ పక్క ఎకరం అమ్మారు. ఉన్న మూడింటిలో నీరు ముందుగా అందేది అదే.

ఆ ఎకరంలో సగం పేరు మీద నేనున్నాను. నాకప్పుడు పదమూడేళ్ళు. క్రీడాపరిభాషలో చెప్పాలంటే ఆ బేరంలో చేతులు మారిన భావి వంతును నేను.

అన్నయ్య నాలుగేళ్ళ చదువును ఆరున్నరేళ్ళు చదివాడు. సెలవులకి వచ్చినప్పుడల్లా రచ్చబండ దగ్గర ఎవరో ఒకరు, "ఏమోయ్ ఇంజనీరూ, ఇంకెన్ని ఉన్నాయి?" అని వేళ్ళు లెక్కపెట్టి చూపించేవారు. వాడు తల వంచుకుని ఎలా నడిచేవాడో, ఆ నడకను కూడా అభినయించి చూపించేవారు. నేను ఆ గుంపులో నిలబడి ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా. ఈ మాట ఇన్నేళ్ళకి రాయగలుగుతున్నాను.

అదలా ఉంచి, మళ్ళీ ఆటకి వద్దాం. ఒక్క ఫుల్ట్జ్‌ని చూపించి పైవంతు బేరమే తప్పనడం తొందరపాటు. ఎందుకంటే సరిగ్గా మరుసటి యేడే దీనికి ఎదురు సాక్ష్యం దొరికింది. 2017-18లో డల్లస్, అట్లాంటా రెండూ 24 గెలుపులు, 58 ఓటములతో సమానంగా అడుగున పడ్డాయి. 2018 డ్రాఫ్టులో అట్లాంటాకి మూడో వంతు, డల్లస్‌కి అయిదో వంతు. డల్లస్ తన అయిదో వంతుతో పాటు 2019 మొదటి రౌండు వంతును ఇచ్చి, లూకా డాన్చిచ్‌ని తీసుకుంది. అతను మరుసటి యేడు ఉత్తమ నూతన క్రీడాకారుడయ్యాడు, 2024లో జట్టును ఫైనల్స్‌కి మోసుకెళ్ళాడు. అట్లాంటాకి అయిదో వంతులో ట్రే యంగ్ దక్కాడు, తీసిపారేయదగ్గ ఆటగాడు కాడు, 2021లో తూర్పు విభాగం ఫైనల్‌కి చేర్చాడు (దారిలో మా ఫిలడెల్ఫియానే ఓడించి మరీ!). కానీ లూకా లూకాయే.

తమాషా ఏమిటంటే, ఇదే డల్లస్ 1998లో ఇందుకు సరిగ్గా వ్యతిరేకం చేసింది. ఆరో వంతు తన చేతిలో ఉంటే దాన్ని మిల్వాకీకి ఇచ్చి, తొమ్మిదో వంతూ పంతొమ్మిదో వంతూ పుచ్చుకుంది. ఆ తొమ్మిదో వంతు డర్క్ నొవిట్స్కీ. ఇరవై ఒక్క సీజన్లు ఒకే జట్టుకి ఆడి, 2011లో కిరీటం తెచ్చిపెట్టాడు. పైకెక్కిన మిల్వాకీకి దక్కిన రాబర్ట్ ట్రేలర్ పేరు ఇవాళ ఈ కథ చెప్పేటప్పుడు తప్ప వినబడదు. 2018-19లో డర్క్ ఆఖరి సంవత్సరమూ, లూకా తొలి సంవత్సరమూ ఒకటే. మెట్టు దిగి తెచ్చుకున్నవాడూ, మెట్టెక్కి తెచ్చుకున్నవాడూ పక్కపక్కన కూర్చున్నారు. ఎక్కడమే మంచిదా, దిగడమే మంచిదా అని సూత్రం వెతికేవాళ్ళకి ఆ బెంచీ ఒక్కటి చాలు జవాబుగా.

మరి ఏది చూసి నిర్ణయించాలి? నాకు తోచినవి నాలుగు మాటలు.

మొదటిది, పైవంతు బేరానికి అనుకూలంగా ఉన్న గట్టి వాదన. ఇది మా అబ్బాయిది. క్రికెట్లో పదకొండు మంది. బాస్కెట్‌బాల్లో ఒకేసారి ఆడేది అయిదుగురు. ఒక్క మహావీరుడు జట్టులో అయిదో వంతు. ఇద్దరు సామాన్యులను కలిపితే ఒక అసామాన్యుడు అవడు, ఎందుకంటే రెండో సామాన్యుడికి నిలబడడానికి చోటు కావాలి. అంచేత నాలుగు చిల్లర వంతులకన్నా ఒక పెద్ద వంతు మేలు. దీన్ని ఖండించడం కష్టం. నేను ఖండించను.

రెండోది, వంతులకి సంఖ్యలు ఉన్నాయి గానీ, ఆటగాళ్ళకి ఉన్నవి అంతస్తులు. ఒకటో వాడూ మూడో వాడూ ఒకే అంతస్తులో ఉంటే, మధ్య రెండు మెట్ల కోసం డబ్బు పొయ్యడం వృథా. వేరు వేరు అంతస్తుల్లో ఉంటేనే నిచ్చెన కొనాలి. 2017లో బోస్టన్ చేసిన పని తెలివంతా ఇక్కడే ఉంది: తనకి కావలసినవాడు మూడో మెట్టు మీద కూడా దొరుకుతాడని గ్రహించింది. ఫిలడెల్ఫియా చెల్లించిన అసలు ధర ఆ భావి వంతు కాదు. అది చివరికి 2019లో 14వ వంతుగా తేలింది, బోస్టన్‌కి దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. అసలు ధర జేసన్ టేటమ్. పైకెక్కేవాడు తాను ఇచ్చేదాన్ని లెక్కపెట్టుకుంటాడు గానీ, ఉన్నచోటే ఉంటే దొరికేదాన్ని లెక్కపెట్టడు.

మూడోది, ఏమి ఇస్తున్నామన్నది. ఇప్పుడే కట్టుకుంటున్న జట్టు ఇంకా రెండు మూడేళ్ళు ఓడుతుంది. అంచేత దాని భావి వంతులే అన్నిటికన్నా విలువైనవి. డల్లస్ ఇచ్చిన వంతుకి ఒక రక్షణ ఉంది: అది మొదటి అయిదు స్థానాల్లో పడితే ఇవ్వనక్కర్లేదు. చివరికి పదో వంతయింది. 2025లో న్యూ ఆర్లీన్స్ సంగతి చూడండి. అంతకుముందు సీజన్లో 21 ఆటలే గెలిచిన జట్టు, 23వ వంతు నుంచి 13వ వంతుకి ఎక్కడం కోసం, 2026లో తనదీ మిల్వాకీదీ అయిన వంతుల్లో మెరుగైనదాన్ని ఏ రక్షణా లేకుండా అట్లాంటాకి రాసిచ్చింది. ఆ ఎంచుకున్న కుర్రాడు డెరిక్ క్వీన్ ఎంత గొప్పవాడైనా కావచ్చు. నేను మాట్లాడుతున్నది అతని గురించి కాదు. ఇల్లు కాలుతుందో లేదో తెలియని రోజున బావిని అమ్ముకోవడం గురించి. ఒక జట్టు ఇలాంటి పని ఏటా చేయకుండా ఎన్.బి.ఎ.లో ఒక నియమం కూడా ఉంది. రాబోయే రెండేళ్ళు వరసగా మొదటి రౌండు వంతు లేకుండా చేసుకోకూడదు. 1980ల తొలినాళ్ళలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ భావి వంతులను పప్పుబెల్లాల్లా పంచిపెట్టినందువల్ల వచ్చిన నియమం గనక దానికి ఆయన పేరే మిగిలింది. మన పల్లెల్లో కూడా ఇలాంటి నియమం ఒకటి ఉంటే ఎన్ని ఎకరాలు మిగిలేవో!

నాలుగోది ఏ పట్టికలోనూ కనబడదు. ధర చెల్లించేది జట్టే గానీ, మోసేది కుర్రాడు. మూడో వంతులో వచ్చినవాడు బంతి వేయలేకపోతే గాయం అంటారు. రెండు వంతులు పోసి కొన్నవాడు వేయలేకపోతే మోసం అంటారు. ఫుల్ట్జ్‌కి వచ్చింది నిజమైన జబ్బని తేలడానికి ఏడాది పైన పట్టింది. ఆ ఏడాదీ జనం అతని మనసులో లోపం వెతికారు. భుజం నొప్పి బేరం వల్ల రాలేదు, నిజమే. కానీ నొప్పితో ఉన్నవాడి మీద ఆ బేరం తాలూకు బరువు కూడా ఉంది.

ఈ నాలుగూ కలిపి చూస్తే నాకు తేలినది ఇది: కట్టుకుంటున్న జట్టు మామూలుగా పైవంతు బేరానికి దిగరాదు. దిగాలంటే, ఆ కుర్రాడు పై అంతస్తువాడని ఊరందరికన్నా తనకి ఎక్కువ తెలిసి ఉండాలి. ఇచ్చే వంతు పోయినా కుంగిపోకుండా రక్షణ ఉండాలి. లూకా అప్పటికే స్పెయిన్‌లో రియల్ మాడ్రిడ్‌కి ఆడి, పంతొమ్మిదేళ్ళకే యూరోలీగ్ ఉత్తమ క్రీడాకారుడు. డల్లస్‌కి తెలుసు. మా నాన్నకి తెలియదు. ఆయన కొన్నది అన్నయ్యకి తగిన చదువు కాదు, ఎవరో గొప్పదన్న మెట్టు.

ఇక్కడ నా మీద నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. నేను ఊళ్ళో డిగ్రీ చదివి, ఎం.సి.ఏ. చేసి, 2000లో ఇక్కడికి వచ్చిపడ్డాను. ఇచ్చేసిన వంతు బాగుపడింది కదా అని బంధువులు అంటుంటారు, అంటూ అన్నయ్య వైపు చూస్తుంటారు. అది అన్యాయం. నేను బాగుపడింది కంప్యూటర్ల కాలం వచ్చి. ఫలితాన్ని బట్టి బేరాన్ని తూచడం గతజల సేతుబంధనం. ఆ రోజున ఏమి తెలుసో, ఏమి తెలియదో, దాన్ని బట్టే తూచాలి. అలా తూచినా నాన్న తప్పు చేశారనే అంటాను. కానీ ప్రేమ లేక చేసిన తప్పు కాదు. 2009లో పోయేదాకా ఆయన కాలువ గట్టు మీద వెళుతూ ఆ ఎకరం వైపు చూడలేదు.

2024లో మా అబ్బాయి హైస్కూలు ముగించాడు. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. దానికన్నా పేరున్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలోనూ వచ్చింది. రెండింటి రుసుముకీ మధ్య తేడా ఒక చిన్న ఇల్లు. ఇంటి మీద అప్పు తీసుకుందామని నేను, చెల్లి చదువు మాటేమిటని మా ఆవిడ. మూడు రాత్రులు వాదించుకున్నాం. నాలుగో రోజు వాడు వంటింట్లోకి వచ్చి, "అక్కడ నేనేం చదవాలో నీకు తెలుసా నాన్నా?" అన్నాడు. తెలియదన్నాను. "నాకూ తెలియదు. తెలియనప్పుడు మూడో వంతు చాలు," అన్నాడు. నేను డ్రైవ్‌వేలో వేసిన కేకలు వాడు మరిచిపోలేదు. కారణం మాత్రం ఆ రోజు చెప్పాను.

ఆ జూన్ 17న ఫైనల్స్ అయిదో ఆట. ఒక పక్క లూకా ఉన్న డల్లస్, ఇంకో పక్క టేటమ్ ఉన్న బోస్టన్. మెట్టెక్కినవాళ్ళూ, మెట్టు దిగినవాళ్ళూ. 4-1తో బోస్టన్ గెలిచింది. అప్పటికి మన దేశంలో తెల్లవారింది. అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడికిప్పుడు ఊళ్ళోనే ఎరువుల కొట్టు, సాయంత్రాలు పదో తరగతి పిల్లలకి ఊరికే లెక్కలు చెబుతాడు. మొత్తం కథ చెప్పాను, ఫుల్ట్జ్‌తో సహా. శ్రద్ధగా విన్నాడు.

"ఆ కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు?" అన్నాడు. టేటమ్ గురించీ అడగలేదు, లూకా గురించీ అడగలేదు.

ఒర్లాండో వెళ్ళాక కొన్నేళ్ళు బాగానే ఆడాడని చెప్పాను.

"అక్కడ వాణ్ణి ఎవరూ ఎకరం పెట్టి కొనలేదుగా. చదువు బరువు కాదురా, మోయొచ్చు. ఎకరమే మోయలేం," అన్నాడు. కాసేపాగి, "సరే, కొట్టు తియ్యాలి, ఉంటా," అన్నాడు.

ముగించే ముందు మరొక్క ముక్క చెప్పకపోతే కథ అసంపూర్ణం. 2025 ఫిబ్రవరిలో డల్లస్, అంత ధర పోసి తెచ్చుకున్న ఆ లూకాని లేకర్స్‌కి ఇచ్చేసింది. అదే మే నెలలో, 1.8 శాతం అవకాశంతో, లాటరీలో మొదటి వంతు ఆ జట్టుకే తగిలింది. కూపర్ ఫ్లాగ్‌ని తీసుకుంది. ఏ బేరమూ లేకుండా, పైసా ఇవ్వకుండా, మొదటి వంతు! ఇది చూశాక, నా నాలుగు మాటలనూ కొట్టెయ్యాలా ఉంచాలా అని రెండు రోజులు ఆలోచించి, ఉంచాను. లాటరీ తగులుతుందని ఎవరూ పొలం దున్నడం మానరు కదా.

ఇరవయ్యో నంబరు చొక్కా ఇంకా మా అల్మైరాలో ఉంది. వాడికి పొట్టిదయిపోయింది. చెల్లి వేసుకుంటానంటోంది. మీ ఇళ్ళలోనూ ఇలాంటి ఎకరాలుంటే చెప్పండి, వింటాను.